పసుపు కోటు నిలబడ్డ మలుపు

మా బావకి ఇద్దరు పెళ్ళాలని వీధి వీధంతా అనేది. ఒకరు మా అక్క. రెండోది రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు. దానికి సవతి అని పేరు పెట్టిందీ మా అక్కే. "ఏమండీ, నా సవతికి స్నానం అయిందా? దుప్పటి కప్పారా?" అని అడిగేది. ఇరవై ఏళ్ళకి పైగా ఆ మాటకి మేం పడీ పడీ నవ్వాం. ఆ కారు ఎప్పటికైనా మాలో ఒకరి మీదికి వస్తుందని నాకు తోచిన రోజు నుంచి నేను నవ్వడం మానేశాను. ఆ రోజు సంగతి తర్వాత. ముందు మనిషి సంగతి చెప్పాలి.

మా బావ టైలరు. చొక్కాలు, ప్యాంట్లు ముట్టుకోడు, కోట్లే కుడతాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పెదాల మధ్య గుండుసూదులు. సూదులు రాలకుండా సగం నోటితో మాట్లాడటం అలవాటై, సూదులు లేనప్పుడు కూడా అలాగే మాట్లాడతాడు. ఆయన దుకాణాన్ని ఆనుకునే నా డ్రైక్లీనింగ్ దుకాణం ఉంది. మధ్య గోడలో ఒక చిన్న కిటికీ. ఆయన కుట్టిన కోటు అందులోంచి నా ఇస్త్రీ బల్ల మీదికి వస్తుంది, ఆవిరి పట్టి మళ్ళీ అందులోంచే అందిస్తాను. అంచేత ఆయన్ని మా అక్క కంటే నేనే ఎక్కువసేపు చూసి ఉంటాను. మా అక్కని 'పొట్టీ' అంటాడు, నన్ను 'పొడుగూ' అంటాడు. పేరు పెట్టి పిలవడం ఆయన వల్ల కాదు. మా అక్క నా భుజం దాకా వస్తుంది, అదీ ఎత్తు మడమల చెప్పులేసుకుంటే. ఒక్క తల్లి కడుపునే పుట్టామంటే కొత్తవాళ్ళు నమ్మరు.

గొంతు పెంచని మనిషి. కొలతలు తీసుకునేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునే పెద్దమనుషుల్ని కూడా "కాస్త ఊపిరి వదలండి, కోటు ఊరుకోదు" అని తప్ప ఒక్క మాట అనడు. రోడ్డు మీద ఆయన ఆ కారు నడుపుతుంటే సైకిళ్ళవాళ్ళు గంట కొట్టి దాటిపోయేవారు. "ఇంత కారు పెట్టుకుని ఈ నత్తనడక ఏంటి బావా?" అని నేను ఏడిపిస్తే, "రోడ్డు మీద జనం ఉంటారు పొడుగూ" అనేవాడు. నెలకొక ఆదివారం, ఊరి చివర మైదానంలో మాత్రం ఆ మనిషి వేరు. హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించుకున్నాక అది నాకు తెలిసిన మొహం కాదు. దవడ బిగుసుకునేది, కళ్ళు చిన్నవయ్యేవి.

ఆ కారు ఒక ముసలాయన దగ్గర్నుంచి వచ్చింది. కోటు కుట్టించుకుందామని వచ్చాడాయన. వీధిలో ఆపిన కారు గుడ్డ టాపు చిరిగి వేలాడుతుంటే మా బావ కోటు సంగతి మర్చిపోయి టాపుకి కొలతలు తీసుకున్నాడు. వారం తిరక్కుండా కొత్త టాపు కుట్టి తొడిగాడు. ఎంత వానకీ ఒక్క చుక్క లోపల పడలేదు. ఏడాది తిరిగాక ఆ ముసలాయనే తాళంచెవి తెచ్చి కటింగు బల్ల మీద పెట్టాడు. "నేను మానేస్తున్నాను. నువ్వైతే దీన్ని బాగా చూసుకుంటావు" అన్నాడు. ఎందుకు మానేస్తున్నారని మా బావ అడిగితే ఆయనన్న మాట మా ఇంట్లో వెయ్యిసార్లు విని ఉంటాం. "ఎప్పుడు మానాలో అదే చెబుతుంది. నాకు చెప్పింది. నీకూ చెబుతుంది." ఎలా చెప్పిందో మాత్రం ఆయన చెప్పలేదు. ఆయన ఎడమ చేతికి పెద్ద కట్టు ఉండటం మా బావ చూశాడు, అడగడానికి మొహమాటపడ్డాడు.

అప్పట్నుంచి ఆ కారు మా ఇంటి మనిషైపోయింది. సీట్లకి మూడుసార్లు కొత్త తొడుగులు కుట్టాడు. ఒకసారి ఇంజను విప్పి వంటింటి నేల నిండా పరిస్తే, మా అక్క రెండు వారాలపాటు నట్ల మధ్య అడుగులు వెతుక్కుంటూ వంట చేసింది. మూడో గేరు పడాలంటే ముందు కొంచెం వెనక్కి లాగి, అప్పుడు ముందుకి నెట్టాలి. తెలియనివాళ్ళు వేస్తే గీపెడుతుంది. కింద నూనె కారుతుంది, దానికోసం ఒక రేకు పళ్ళెం. ఎండకి రంగు వెలిసి తలుపులు గులాబీ రంగుకి వచ్చాయి. వాళ్ళకి పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే మా అక్క షెడ్డు వైపు చెయ్యి చూపించి, "అదుగో ఉందిగా, పని తక్కువ, పేచీ ఎక్కువ" అనేది. అడిగినవాళ్ళ నోట్లో పచ్చి వెలక్కాయ పడేది.

మైదానంలో ఆడే ఆ పోటీని ఆటోక్రాస్ అంటారు. మూతబడ్డ గిడ్డంగుల ముందు పెద్ద తారు నేల ఉంది. దాని మీద నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు పేర్చి మెలికలు తిరిగే దారి ఒకటి తయారు చేస్తారు. ఒకసారికి ఒకే కారు వెళుతుంది. ఎవరు తొందరగా తిరిగొస్తే వాళ్ళు గెలిచినట్టు. కోను తగిలితే రెండు సెకన్లు కలుపుతారు. గెలిచినవాళ్ళకి ఒక రేకు కప్పు, నాలుగు చప్పట్లు, అంతే. వచ్చేవాళ్ళు కూడా మనలాంటి వాళ్ళే. రొట్టెల దుకాణం ఆయన, లెక్కల టీచరు, పళ్ళ డాక్టరు. దారి నెలనెలా మారుతుంది కాబట్టి పొద్దున్నే అందరూ దాన్ని నడిచి చూసి మనసులో పెట్టుకుంటారు. సగం మంది కార్లు నడుపుతుంటే మిగతా సగం మంది, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు, మలుపు మలుపునా కాపలా ఉంటారు. కోను పడితే పరిగెత్తుకెళ్ళి, నేల మీద సుద్దతో గీసిన చదరంలో సరిగ్గా నిలబెట్టి, తరవాతి కారు వచ్చేలోపు పరిగెత్తుకుని వెనక్కి రావాలి. నడిపేవాడికి నేల మీద ఉన్నవాళ్ళు కనిపిస్తారన్న ఒక్క నమ్మకం మీదే ఆ ఆటంతా నడుస్తుంది.

మా అక్కది ఎప్పుడూ చివరి మలుపు. కోన్ల మధ్య ఇంకో కోనులా ఉందని ఎవరో నవ్వితే, మా బావ ఆవిడకి మోకాళ్ళ దాకా వచ్చే పసుపు కోటు ఒకటి కుట్టిపెట్టాడు. వానకోటు గుడ్డ, కళ్ళు జిగేల్మనే పసుపు. మైదానం ఈ చివర నిలబడి చూసినా ఆ చివర మా అక్క కనిపించేది. "అదుగో నా పొద్దుతిరుగుడు పువ్వు" అని మురిసిపోయేవాడు. మా అక్క పోరు పడలేక నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. నా చోటు దానికి ముందున్న తిన్నని దారి దగ్గర. ఆదివారం పూట ఆవిరి వాసన లేకుండా గాలి పీల్చుకోవచ్చు కదా అనుకున్నాను.

నాకు అనుమానం మా కిటికీ దగ్గర మొదలైంది. ఇస్త్రీ అయిన కోటు అందిస్తే, ఎప్పుడూ తల తిప్పకుండానే చెయ్యి చాచి అందుకునే మనిషి ఆ రోజు చెయ్యి చాచలేదు. కోటు ఆయన చెంప పక్కనే వేలాడుతోంది. ఆయన ఎదురుగా గోడకేసి చూస్తూ, "ఇంకా కాలేదా పొడుగూ?" అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నాకు వెంటనే ఆ కారు, మైదానం గుర్తొచ్చాయి.

ఆ తర్వాత కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. మోచేతి పక్కనున్న టీ గ్లాసు పడేసేవాడు. సగం తెరిచిన తలుపు రెక్కకి భుజం కొట్టుకునేవాడు. పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే మొహం మొత్తం తిప్పి వెతుక్కునేవాడు. కొన్నాళ్ళకి సుద్దగీత మీద కత్తెర నడిపే పని మా అక్క చేతికి వచ్చింది. "ఊరికే కూర్చోలేక నేర్చుకుంటున్నా" అంది. ఊడిన గుండీ కుట్టుకోవడానికి బద్ధకించి చొక్కాకి పిన్నీసు పెట్టుకునే మనిషి! ఇల్లు, దుకాణం, మైదానం, ఎక్కడికైనా కారు కూడా మా అక్కే నడపడం మొదలుపెట్టింది. మైదానం గేటు దాటాక మాత్రం సీట్లు మారేవాళ్ళు.

ఒకరోజు దుకాణం మూశాక అక్కని నిలదీశాను.

"కళ్ళకి చుక్కల మందు వేసుకుంటున్నాడే. పక్కచూపు పోతోందట. మెల్లిగా పోతుందన్నాడు డాక్టరు."

"మెల్లిగా పోవడానికి అదేమన్నా గూడ్సు బండా? మరి మైదానం?"

మా అక్క కత్తెరకి అంటుకున్న దారప్పోగులు తీస్తూ కూర్చుంది.

"అక్కా, అక్కడ మనుషులు నిలబడతారు. నువ్వు నిలబడతావు."

"నాకు తెలుసు."

"తెలిస్తే మానిపించు!"

"అన్నీ ఒక్కొక్కటే చేతిలోంచి జారిపోతున్నాయే ఆయనకి. కత్తెర పోయింది, రోడ్డు పోయింది. అదొక్కటే మిగిలింది. అదీ లాక్కుంటే ఏమైపోతాడో అని నా భయం."

ఆ పోటీలు నడిపే క్లబ్బు సెక్రటరీకి చెప్పేస్తానన్నాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. "ఈ వానాకాలం దాటేదాకా ఆగవే. నేనే మానిపిస్తా" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే గసిరి పారేసేదాన్ని. అంత నిబ్బరంగా అడిగేసరికి సరేనన్నాను.

అయినా ఊరుకోలేక మర్నాడు కిటికీలోంచి తల పెట్టి బావనే అడిగేశాను. "నీకు కనిపించట్లేదు బావా."

"ఎదురుగా కనిపిస్తుంది పొడుగూ. కోన్లు ఎదురుగానే ఉంటాయి."

"మనుషులు పక్కన ఉంటారు."

పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి, చేత్తో తడుముకుంటూ సూదుల దిండుకి గుచ్చాడు. "మానాల్సిన రోజొస్తే అదే చెబుతుంది. ఇంకా చెప్పలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది ఇనుము బావా. చెప్పదు, గుద్దుతుంది" అని కిటికీ తలుపు ధడాలున వేసేశాను. కొన్నాళ్ళు మా మధ్య కోట్లు తప్ప మాటలు నడవలేదు.

విచిత్రం ఏంటంటే, ఆ ఏడాది ఆయన ఎప్పుడూ లేనంత బాగా నడిపాడు. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి, అక్క చెయ్యి పట్టుకుని ఆ దారంతా మళ్ళీ మళ్ళీ నడిచేవాడు. అక్క చెవిలో ఏదో చెబుతూ ఉండేది, ఆయన పెదాలు కదుపుతూ అప్పజెప్పుకునేవాడు. బడిపిల్లాడు ఎక్కం బట్టీ పట్టినట్టు ఉండేది. తర్వాత కారెక్కి ఒక్క కోను కూడా తగలకుండా తిరిగొచ్చేవాడు. "టైలరు మాస్టారికి వయసు వెనక్కి నడుస్తోంది" అని రొట్టెలాయన చప్పట్లు కొట్టేవాడు. సగం చూపు పోయినవాడు కోన్లు కొట్టుకుంటూ వస్తే నాకు అర్థమయ్యేది. ఏ మచ్చా లేకుండా ఎలా వస్తున్నాడో అర్థం కాలేదు.

ఇంకొకటి కూడా చూశాను. మా అక్క ముందుకి జరుగుతోంది. మొదట్లో మలుపుకి చాలా వెనక, గడ్డి అంచున నిలబడేది. వేరేవాళ్ళ కార్లు వస్తే ఇప్పటికీ అక్కడే నిలబడుతోంది. బావ కారు వంతు వచ్చినప్పుడు మాత్రం నాలుగడుగులు ముందుకొచ్చి, కోన్ల పక్కన స్తంభంలా కదలకుండా నిలబడుతోంది. నెలనెలా ఇంకొంచెం ముందుకి. కారు ఆవిడ మీదికే వస్తున్నట్టు వచ్చి, ఆఖరి క్షణంలో తిరిగేది. తిరిగేటప్పుడు దాని వెనక భాగం జారుకుంటూ పోతే, ఆ గాలికి పసుపు కోటు అంచు ఎగిరేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని.

"నీకేమన్నా చావాలనుందా? అంత దగ్గరగా నిలబడతావేంటి?" అని కేకలేశాను.

"నా చోటు నాకు తెలుసులేవే" అంది. అనడం మామూలుగానే అంది. కానీ ఇంటికెళ్ళేటప్పుడు గేటు దగ్గరే ఆవిడ చేతిలో మూడో గేరు గీపెట్టింది.

వానాకాలం సగంలో ఉండగా పళ్ళ డాక్టరు బావ దుకాణానికి వచ్చాడు. క్లబ్బు సెక్రటరీ ఆయనే. ఇంకెక్కడో ఇలాంటి పోటీలో కోను నిలబెట్టబోయిన మనిషికి కారు తగిలిందట. అంచేత మైదానంలో నిలబడే ప్రతివాళ్ళకీ చేతుల్లేని కోటు ఒకటి ఉండాలని తీర్మానించారు. "ఎవరో కుట్టడం ఎందుకు, మన మాస్టారు ఉండగా? మీ ఆవిడగారి కోటు గుడ్డే వాడండి మాస్టారూ. ఆ పసుపు ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది."

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. మిషను తొక్కుతున్న బావ కాలు ఆగింది. బల్ల దగ్గర మా అక్క కత్తెర కూడా ఆగింది.

"నారింజ రంగు పెడదాం" అన్నాడు బావ.

"కోన్లు నారింజే కదా మాస్టారూ, కలిసిపోతారు."

"ఆకుపచ్చ" అంది మా అక్క.

"వెనక అంతా గడ్డే కదమ్మా. పసుపే. అందరూ ఒప్పుకున్నారు. మన క్షేమం కోసమేగా."

"క్షేమం కోసమే" అన్నాడు బావ, సగం నోటితో. వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే కారు పోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం సెక్రటరీ మీద నాకెంతో గౌరవం కలిగింది. పోనీలే, ఇకనుంచి అందరం ఆయన కంట పడతాం కదా అనుకున్నాను. ఆ కోట్లు ఒక్కొక్కటీ కిటికీలోంచి వస్తుంటే, ముడత లేకుండా ఇస్త్రీ చేసి మడతపెట్టింది కూడా నేనే.

ఆ కోట్లతో మొదటి ఆదివారం పొద్దున్న మా అక్క తెల్లకోటు వేసుకుని వచ్చింది. రాత్రికి రాత్రి కుట్టించుకున్నట్టుంది, లోపలి మడతలు ఇంకా కుట్టనే లేదు. సెక్రటరీ చూసి నవ్వాడు. "ఇన్నాళ్ళూ మీరొక్కరే పసుపు, ఇవాళ మేమంతా వేసుకుంటే మీరు మార్చేశారా? రూలు రూలేనమ్మా. పసుపు వేసుకోకపోతే నిలబడనివ్వం." అక్క తెల్లకోటు మీదే పసుపు కోటు తొడుక్కుని, వరసలో ఉన్న బావ కారు దగ్గరికి పరిగెత్తింది. నేను అటుగా వెళుతూ విన్నాను.

"ఇవాళ వద్దండి. నా మాట వినండి."

"ఏం కాదు పొట్టీ. దారంతా నోటికొచ్చు. నీ చోటు నాకు తెలుసు."

"అందరూ పసుపేనండీ!"

ఇంజను రేగింది. ఆ మాట ఆయనకి వినిపించిందో లేదో నాకు తెలియదు. వినిపించిందనే నా అనుమానం.

మబ్బు కమ్మి మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. సన్నటి తుంపర. తారు నేల నల్లగా మెరుస్తోంది, కోన్లు వెలవెలబోతున్నాయి. ఆ మసకలో వెలుగుతున్నవి మా కోట్లు మాత్రమే. బావకి ముందు వెళ్ళిన లెక్కల టీచరు నా దగ్గర ఒక కోను పడగొట్టి పోయాడు. పరిగెత్తి, తడికి చెదిరిపోతున్న సుద్ద చదరం వెతుక్కుని, కోను నిలబెట్టాను. తిరగబోతుండగా మూడో గేరు పడ్డ చప్పుడు వినిపించింది. ముందు వెనక్కి, తర్వాత ముందుకి. బావ వచ్చేశాడు. ఫరవాలేదు, నన్ను దాటి తిన్నగా అక్క ఉన్న మలుపుకి పోవాలి కదా, కదలకుండా నిలబడితే చాలు అనుకున్నాను.

కారు ముక్కు నా వైపు తిరిగింది.

అద్దంలోంచి ఆయన మొహం కనిపించింది. నన్నే చూస్తున్నాడు. సూటిగా, ప్రశాంతంగా, తెలిసిన మనిషిని చూసినట్టు నా వైపే చూస్తున్నాడు. చూస్తున్నాడు కదా, ఇంకేం భయమని ఒక్క క్షణం నాకు ధైర్యం కూడా వచ్చింది. ఆ క్షణంలో పక్కకి దూకి ఉంటే బావుండేది. కారు నా మీదికి వచ్చి వచ్చి, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో, చక్కగా కుడివైపుకి తిరిగింది. మా అక్క ముందు ప్రతిసారీ ఎలా తిరుగుతుందో అలాగే. కాకపోతే అక్కడ మలుపు లేదు. కోన్లు చెల్లాచెదురుగా ఎగిరాయి. కారు ముందుభాగం నన్ను తప్పించింది, జారుతూ వచ్చిన వెనకభాగం తప్పించలేదు. నా మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు ఇంజను మోతలో కూడా నాకు వినిపించింది.

నేల మీద పడి ఉన్నాను. కారు ఆగింది. బావ హెల్మెట్ విసిరేసి, చేతులు ముందుకి చాపుకుని, తల అటూ ఇటూ తిప్పుకుంటూ నడిచొచ్చాడు. కోను తన్నుకుని తూలాడు. పసుపు కనబడ్డ చోట మోకాళ్ళ మీద కూలబడి, నా కోటు అంచు పట్టుకుని తడిమాడు.

"పొట్టీ! ఎక్కడ తగిలిందే? ఇంత ఇవతలకి ఎందుకొచ్చావు? నిన్ను చూసుకునే కదా నేను తిరిగేది! నీ చోట్లో నువ్వు లేకపోతే నేనెక్కడ తిరగాలి?"

నొప్పితో నాకు నోరు పెగల్లేదు. ఆయన నా తల నిమురుతూనే ఉన్నాడు. "మాట్లాడవే పొట్టీ. మాట్లాడు."

అప్పుడు మైదానం ఆ చివర్నుంచి కేక వినిపించింది. "ఏమండీ!" మా అక్క పరిగెత్తుకొస్తోంది.

నా తల మీద చెయ్యి ఆగిపోయింది. ఆయన ఆ గొంతు వైపు మొహం తిప్పాడు. మళ్ళీ నా వైపు తిప్పాడు. వంగి వంగి, ఆయన ఊపిరి నా మొహానికి తగిలేంత దగ్గరికి వచ్చి, కొత్తగా దుకాణానికి వచ్చినవాళ్ళని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"నువ్వెవరమ్మా?"

"పొడుగుని బావా."

ఆ తర్వాత ఆయన గొంతులోంచి వచ్చిన చప్పుడు నేను జన్మలో మర్చిపోలేను. నా కాలి నొప్పి కూడా దాని ముందు చిన్నదైపోయింది.

ఆసుపత్రిలో కాలికి కడ్డీ వేశారు. తెలివొచ్చేసరికి పక్కన మా అక్క ఉంది. తెల్లకోటు ఇంకా ఒంటి మీదే ఉంది, బురద మరకలతో.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"పోయినేడు వానల నుంచి. మధ్యచూపు కూడా మసకబారింది. దారంతా బట్టీ పట్టి నడిపేవాడు. చివర్లో వేగం ఎక్కువ కదా, ఎక్కడ తిరగాలో తెలియడానికి ఒక ఆనవాలు కావాలి. నా కోటొక్కటే కంటికి ఆనేది. మొదట్లో దూరం నుంచే కనిపించేదాన్ని. తర్వాత తర్వాత, ఇంకొంచెం ముందుకి రా పొట్టీ అనేవాడు."

"రమ్మంటే వెళ్ళిపోతావా? నీకు బుద్ధుందా?"

"ఆగమంటే ఆగలేదే. ఆగనివాడు ఎప్పుడో ఒకప్పుడు ఎవర్నో గుద్దుతాడు. పరాయివాళ్ళని ఎందుకు, ఆ గుద్దేదేదో నన్నే గుద్దనీ అనుకున్నా." కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. లాగిపెట్టి ఒకటి ఇద్దామనిపించింది. మంచం మీంచి చెయ్యి అందలేదు. అందినా కొట్టేదాన్ని కాదేమో, పట్టుకుని ఏడ్చేదాన్ని. ఇన్నాళ్ళూ ఆవిడ బావ కోసమే కాక మా అందరి కోసం కూడా అక్కడ నిలబడిందని తెలిశాక నాకు కోపం ఇంకా ఎక్కువైంది.

కాసేపటికి బావ వచ్చాడు, గోడ పట్టుకుంటూ. అక్క లేచి ఆయన్ని నా మంచం దాకా తెచ్చింది. జేబులోంచి తాళంచెవి తీసి, దుప్పటి తడిమి నా చెయ్యి ఎక్కడుందో చూసుకుని, అందులో పెట్టాడు.

"అది చెప్పింది పొడుగూ" అన్నాడు.

"అదేం చెప్పలేదు బావా. చెప్పింది నా కాలు."

ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నేను విడిపించుకోలేదు.

కారు ఇంకా మా షెడ్డులోనే ఉంది. ఎవరికైనా ఇచ్చేద్దామని అక్క ఒకసారి అంది. తీసుకున్నవాళ్ళకి అది ఏం చెబుతుందో అని ముగ్గురికీ భయం వేసి ఊరుకున్నాం. బ్యాటరీ చచ్చిపోకుండా అప్పుడప్పుడూ నేనే కుంటుకుంటూ వెళ్ళి ఇంజను వేసి వస్తాను. బావ గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించి వింటాడు. "కొంచెం దగ్గుతోంది కదూ?" అంటాడు. ఇప్పుడు ఆయనకి పగలూ రాత్రీ ఒక్కటే. కోట్లు అక్క కత్తిరిస్తుంది, ఆయన వేళ్ళతో చూసుకుంటూ మిషను తొక్కుతాడు. పసుపు గుడ్డ మాత్రం దుకాణంలోకి రానివ్వరు. సవతి అన్న మాట అక్క నోట మళ్ళీ వినలేదు.

ఇంజను ఆపేసి, తాళంచెవి నా జేబులో పడ్డాక కూడా ఆ కారు ముందునుంచి మాత్రం మా ముగ్గురిలో ఎవరమూ నడవం. గోడకి ఒదుక్కుని, పక్కనుంచే వస్తాం.